కొబ్బరికాయ లేచిందని మాత్రం చెప్పి ఉంటే



2003 మే 29, గురువారం. లండన్‌లో తెల్లవారి 6 గంటల 7 నిమిషాలు. బీబీసీ రేడియోలో పొద్దుటి వార్తల కార్యక్రమం నడుస్తోంది. ఆండ్రూ గిల్లిగన్ అనే విలేఖరి తన ఇంట్లో నుంచే, రాసుకున్న కాగితం లేకుండా, ప్రత్యక్ష ప్రసారంలో మాట్లాడుతున్నాడు. ఇరాక్ దగ్గర 45 నిమిషాల్లో ప్రయోగించడానికి సిద్ధంగా మారణాయుధాలు ఉన్నాయని బ్రిటన్ ప్రభుత్వం అంతకుముందు సెప్టెంబరులో ఒక పత్రంలో ప్రకటించింది. ఆ మాట తప్పని, పత్రంలో చేర్చేనాటికే ప్రభుత్వానికి బహుశా తెలిసే ఉంటుందని ఆయన అన్నాడు.

తెలిసే. మన భాషలో చివర ఒక్క ఏత్వం. అది లేకపోతే పొరపాటు, అది ఉంటే మోసం. ఆ ఏత్వం కోసం ఒక దేశం కొట్టుకుంది. గిల్లిగన్‌తో మాట్లాడిన ఆయుధ నిపుణుడు డేవిడ్ కెల్లీ పేరు బయటికి వచ్చింది. జూలై 18న ఆయన తన ఊరి దగ్గరి అడవిలో విగతజీవుడై కనిపించాడు. న్యాయమూర్తి హట్టన్ విచారణ జరిపి 2004 జనవరిలో నివేదిక ఇచ్చాడు. తెలిసే చెప్పారన్న ఆరోపణకు ఆధారం లేదని తేల్చాడు. బీబీసీ అధ్యక్షుడు, డైరెక్టర్ జనరల్, గిల్లిగన్ ముగ్గురూ పదవులు వదిలారు. మైకు ముందు కూర్చునే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవలసిన ఉదయం అది. నేనూ గుర్తుంచుకునే ఈ మాటలు మాట్లాడుతున్నాను.

అప్పటి బ్రిటన్ ప్రధానమంత్రి టోనీ బ్లెయిర్. ఆయన అబద్ధం చెప్పాడా, పొరపాటు పడ్డాడా? ఇరవై ఏళ్లు దాటినా తెగని ఈ తగవు మా ఇంట్లో కూడా ఉంది. ఒక పక్క మా అక్క మొగుడు, మా బావ. ఇంకో పక్క నేను.

రాయచోటి పక్క పల్లెలో ఉండే మాకు ఇరాక్ గొడవ ఎందుకంటారా? మా ప్రాంతం నుంచి కువైట్ పోని ఇల్లు లేదు. 2003 మార్చి 20న యుద్ధం మొదలైనప్పుడు బావ అక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. ఇరాక్ వైపు నుంచి క్షిపణులు వచ్చాయి, సైరన్లు మోగాయి. యజమాని చెప్పినట్టు బావ ఇంట్లో ఒక గది కిటికీలకు ప్లాస్టిక్ పట్ట కప్పి, అంచుల చుట్టూ టేపు అంటించాడు. తలుపు సందులో తడిగుడ్డ కుక్కాడు. సైరన్ మోగితే అందరూ ఆ గదిలోకి పోయి కూర్చునేవాళ్లు. మాకు ఫోను చేసినప్పుడు, "గ్యాసు వస్తే ఈ టేపు ఆపుతుందా రా?" అని అడిగాడు. నేను హైస్కూల్లో సోషల్ మాస్టారిని. నాకు తెలిసి ఉంటుందని అడిగాడు. నేను ఏమీ చెప్పలేకపోయాను. వెనక మా అక్క ఏడుస్తోంది.

వచ్చిన క్షిపణుల్లో విషవాయువు లేదు. బాగ్దాద్ పడిపోయాక నెలల తరబడి వెతికినా ఇరాక్‌లో కూడా లేదు. అమెరికా పంపిన ఇరాక్ సర్వే బృందం 2004 అక్టోబరులో తేల్చింది ఏమంటే, పాత రసాయన ఆయుధాల నిల్వలు 1990ల తొలినాళ్లలోనే దాదాపుగా నాశనమైపోయాయి అని. ఆ వార్త నేను బావకు చెబితే ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "అంటే లేని గ్యాసుకు నేను టేపు అంటించినానా? వానికి తెలుసురా. తెలిసే చెప్పినాడు."

నేను ఒప్పుకోలేదు. చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. నా వాదం తేలికైనది కాదు, అది ముందు చెప్పాలి.

ఇరాక్ పాలకుడు సద్దాం హుసేన్ దగ్గర రసాయన ఆయుధాలు ఉండేవన్నది కట్టుకథ కాదు. 1988లో హలబ్జా పట్టణంలో సొంత దేశపు కుర్దుల మీద వాటిని ప్రయోగించాడు, వేల మంది ఒక్క రోజులో చనిపోయారు. తనిఖీ బృందాలను ఏళ్ల తరబడి తిప్పలు పెట్టాడు. దాచడానికి ఏమీ లేనివాడు ఇలా ప్రవర్తిస్తాడా అని ఎవరికైనా అనిపిస్తుంది. నిప్పు లేనిదే పొగ రాదు అంటాం కదా. యుద్ధాన్ని వ్యతిరేకించిన దేశాల గూఢచారి సంస్థలు కూడా ఏదో ఒకటి దాచాడనే అనుమానించాయి. పైగా ఒక మామూలు తర్కం ఉంది. ఆయుధాలు లేవని తెలిసినవాడు, అవి ఉన్నాయని చెప్పి, వాటిని వెతకడానికి లక్ష కళ్ల ముందు సైన్యాన్ని పంపుతాడా? నాలుగు నెలల్లో బయటపడే అబద్ధం ఎవరు చెబుతారు? బ్లెయిర్ తెలివితక్కువవాడు కాదు. కాబట్టి ఆయన నమ్మాడు. నమ్మినవాడు అబద్ధాలకోరు కాడు. ఇదీ నా వాదం.

ఈ వాదానికి బావ దగ్గర జవాబు లేదు. కానీ ఆయన కదలలేదు. "నమ్మినాడో లేదో నాకెందుకు. నమ్మించినాడు" అనేవాడు. ఆ రెండు మాటల మధ్య దూరం ఎంతో తెలుసుకోవడానికి నాకు చాలా చదువు పట్టింది.

ఆ పత్రం 2002 సెప్టెంబరు 24న వచ్చింది. దానికి బ్లెయిర్ స్వయంగా ముందుమాట రాశాడు. అందులో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సద్దాం రసాయన, జీవాయుధాలు తయారు చేస్తూనే ఉన్నాడని గూఢచారి సమాచారం సందేహానికి తావు లేకుండా రుజువు చేసిందని తాను నమ్ముతున్నానని ఆ వాక్యానికి అర్థం. మళ్లీ వినండి. రుజువైందని నమ్ముతున్నాను. రుజువు, నమ్మకం ఒకే వాక్యంలో ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడ్డాయి. రుజువైతే నమ్మకంతో పనేముంది? నమ్మకమే అయితే రుజువు అన్న మాట ఎందుకు? చదివేవాడికి రుజువు ఒక్కటే వినిపిస్తుంది. నిలదీసి అడిగిన రోజున నమ్మకం అడ్డం వస్తుంది.

మరి ఆ ముందుమాట కింద ఉన్న కాగితాలు ఏమంటున్నాయి? బ్రిటన్‌లో గూఢచారి సమాచారాన్ని మదింపు చేసి ప్రధానికి ఇచ్చే సంయుక్త కమిటీ ఒకటి ఉంది. అదే ఏడాది మార్చిలో ఆ కమిటీ ఇరాక్ ఆయుధాల మీద తనకు అందుతున్న సమాచారం అక్కడొకటి ఇక్కడొకటిగా, అతుకుల బొంతలా ఉందని రాసింది. సెప్టెంబరులో పార్లమెంటులో నిలబడిన బ్లెయిర్ మాత్రం ఆ సమాచారం విస్తృతమైనది, వివరమైనది, ప్రామాణికమైనది అన్నాడు. ఆరు నెలల్లో అతుకుల బొంత పట్టు వస్త్రం అయింది. మధ్యలో కొత్త సమాచారం కొంత వచ్చిన మాట నిజమే. కానీ అది ఎలాంటిది? కొత్త మనిషి ఒకడు గాజు గోళాల్లో విషద్రవం నింపుతున్నారని చెప్పాడు. రసాయన ఆయుధాలకు మామూలుగా గాజు వాడరని, అలాంటి గాజు గోళాలను ఒక పేరున్న హాలీవుడ్ సినిమాలో తప్పుగా చూపించారని తర్వాత అధికారులే రాసుకున్నారు. చివరికి ఆ సమాచారాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇక్కడ బ్లెయిర్ పక్షాన ఒక మాట చెప్పాలి. వెనక్కి తీసుకున్న సంగతి ఆయనకు చెప్పలేదు.

45 నిమిషాల మాట కూడా అంతే. అది యుద్ధరంగంలో దగ్గర్లో వాడే చిన్న ఆయుధాల గురించిన సమాచారం, దూరం పోయే క్షిపణుల గురించి కాదు. పత్రంలో ఆ తేడా రాయలేదు. మర్నాటి పత్రికలు బ్రిటన్ వాళ్లకే 45 నిమిషాల్లో ముప్పు ఉన్నట్టు పతాక శీర్షికలు పెట్టాయి. ప్రభుత్వం నుంచి ఎవరూ వాటిని దిద్దలేదు. గోరంతను కొండంత చేసింది పత్రికలే అని ఊరుకోవచ్చా? కొండ పెరుగుతుంటే చూస్తూ ఊరుకున్నవాడికి అందులో వాటా లేదా?

ఇదే సమయంలో ఇవే కాగితాలు చూసిన ఇంకో మనిషి ఉన్నాడు. రాబిన్ కుక్. 1997 నుంచి 2001 వరకు బ్రిటన్ విదేశాంగ మంత్రి, ఆ తర్వాత బ్లెయిర్ మంత్రివర్గంలోనే పార్లమెంటు వ్యవహారాలు చూసిన నాయకుడు. గూఢచారి సంస్థ పెద్దలు ఆయనకూ విషయమంతా వివరించారు. అంతా విని, మామూలుగా జనం అనుకునే అర్థంలో ఇరాక్ దగ్గర మారణాయుధాలు బహుశా లేవని ఆయన తేల్చుకున్నాడు. 2003 మార్చి 17న రాజీనామా చేసి, సభలో వెనక బెంచీ నుంచి మాట్లాడాడు. సద్దాం బలహీనుడు, యుద్ధం త్వరగా ముగుస్తుందని ఒక పక్క లెక్కలు వేసుకుంటూ, వాడు పెద్ద ముప్పు కాబట్టి ముందే కొట్టాలని ఇంకో పక్క ఎలా చెబుతారని అడిగాడు. చప్పట్లు కొట్టడం ఆచారం కాని ఆ సభలో కొందరు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మర్నాడు ఓటింగులో 412 మంది యుద్ధానికి అనుకూలంగా, 149 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు.

నా వాదాన్ని మొదట కదిలించింది కుక్. ఇద్దరి చేతిలోనూ అవే కాగితాలు. ఒకరికి సందేహం కనిపించింది, ఒకరికి రుజువు కనిపించింది. అయితే అదే కుక్ తర్వాత పార్లమెంటు కమిటీ ముందు బ్లెయిర్‌ను అబద్ధాలకోరు అనలేదు. ముందే చేసుకున్న నిర్ణయానికి సరిపోయే ఆధారాలను ఏరుకున్నారు అన్నాడు. ఏరుకోవడం! ఈ మాట దగ్గర నాకు మా నాయన గుర్తొచ్చాడు.

మా మూడెకరాల చేను. 1996లో నాయన అందులో బోరు వేయించాలనుకున్నాడు. మా వైపు పాయింటు చూసే పద్ధతి మీలో చాలామందికి తెలుసు. ఒక పెద్దాయన వచ్చాడు. కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని, కళ్లు సగం మూసి, గెనాల మీద నడిచాడు. వేపచెట్టు దాటాక కాయ మెల్లగా లేచి అరచేతిలో నిలువుగా నిలబడింది. నేను అక్కడే ఉన్నాను, నా కళ్లతో చూశాను. ఆయన చెమటలు పట్టి ఆగిపోయి, మడమతో నేల మీద గుంట చేశాడు. "220 అడుగుల్లో రెండించుల నీళ్లు" అన్నాడు. నాయన అడిగాడు, "ఖాయమేనా?" అని. ఆయన నవ్వలేదు, తడుముకోలేదు. "రాసి పెట్టుకో" అన్నాడు.

నాయన వడ్డీకి తెచ్చి తిరుచెంగోడు బండి పిలిపించాడు. 220 అడుగులకు తెల్లటి పిండి లేచింది. 300 అడుగులకు అదే పిండి. ఇంకో నలభై అడుగులు పోదామని నాయన అన్నాడు. అక్కడ కూడా పిండే. సాయంత్రానికి నాయన తల, కనుబొమలు, గొంగళి అన్నీ తెల్లగా ఉన్నాయి. ఆ అప్పు తీర్చడానికే బావ మరుసటేడు కువైట్ విమానం ఎక్కాడు.

బావ ఆ పెద్దాయనను దొంగ అనేవాడు. నాయన అననిచ్చేవాడు కాదు. "ఆయన చేన్లో రెండు బోర్లు ఎండిపోయినాయి. దొంగయితే తన చేన్లో వేసుకుంటాడా?" అనేవాడు. చూశారా, బ్లెయిర్ గురించి నా వాదమూ అదే. కానీ నాయన అక్కడితో ఆపలేదు. పోయేముందు ఏడాది కాబోలు, బావ సెలవు మీద వచ్చినప్పుడు మళ్లీ ఆ మాట వచ్చింది. నాయన మంచం మీద నుంచి నెమ్మదిగా అన్నాడు. "ఆయనకు తెలిసింది కొబ్బరికాయ లేచిందని. నీళ్లున్నాయని కాదు. కాయ లేచింది, ఆపైన నీ ఇష్టం అని చెప్పి ఉంటే నేను వడ్డీకి తెచ్చేవాణ్ని కాదు. ఖాయం అన్నాడు చూడు, అది ఆయనకు తెలియని మాట."

అబద్ధమా, పొరపాటా అని మేం కొట్టుకుంటున్న చోట నాయన మూడో గీత గీశాడు. నీళ్ల గురించి ఆ పెద్దాయన అబద్ధం ఆడలేదు. తనకు ఎంత తెలుసు అన్న దాని గురించి ఆడాడు. నీళ్లు భూమిలో, 220 అడుగుల కింద ఉంటాయి. వాటి గురించి ఎవరైనా పొరపడవచ్చు. కానీ నాకు ఎంత తెలుసు అన్నది నా లోపల ఉండేది. దాన్ని చూడటానికి రిగ్గు అక్కర్లేదు. అక్కడ పొరపాటుకు చోటు చాలా తక్కువ.

బ్లెయిర్ విషయంలో నా తీర్పు ఇప్పుడు ఇదే. ఆయుధాలు ఉన్నాయని ఆయన నమ్మాడు, ఇది నేను ఇప్పటికీ అంటాను. సందేహానికి తావు లేదని మాత్రం ఆయన నమ్మి ఉండడు. సందేహం ఆయన బల్ల మీదే, కాగితాల్లో అచ్చయి ఉంది. భారతంలో ధర్మరాజు అశ్వత్థామ పేరుతో పలికిన మాట మనకు తెలుసు. మాట నిజం, ఉద్దేశం మోసం. దానికే ఆయన రథం నేలకు ఆనింది. ఇక్కడ అది తిరగబడింది. ఉద్దేశంలో నమ్మకం ఉంది, మాటలో నిజం లేదు. దీన్ని ఏ తూనికతో తూచాలో మనకు అలవాటు లేదు. అందుకే కొందరు అబద్ధం వైపు, కొందరు పొరపాటు వైపు లాక్కుపోతారు.

విచారణ సంఘాలు కూడా ఈ గీత చుట్టూనే తిరిగాయి. 2004లో బట్లర్ నివేదిక సమాచారాన్ని దాని హద్దు అంచు దాకా సాగదీశారని, జాగ్రత్తగా పెట్టిన మినహాయింపులు పత్రంలో రాలిపోయాయని చెబుతూ, కావాలని వక్రీకరించిన ఆధారం లేదంది. 2016 జూలై 6న చిల్‌కాట్ నివేదిక వచ్చింది. ఏడేళ్లు పట్టింది, 26 లక్షల పదాలు. ముప్పు గురించిన అంచనాలను, ఆధారాలు మోయలేనంత ఖచ్చితత్వంతో జనం ముందు పెట్టారని అది చెప్పింది. శాంతి మార్గాలన్నీ అయిపోకముందే యుద్ధానికి దిగారని కూడా. 2002 జూలై 28న బ్లెయిర్ అమెరికా అధ్యక్షుడు బుష్‌కు పంపిన చీటీ ఆ నివేదికతో పాటే లోకానికి కనిపించింది. ఏమైనా సరే మీ వెంట ఉంటానని అందులో మొదటి మాట. పత్రం అచ్చు కావడానికి ఇంకా రెండు నెలలు ఉంది అప్పటికి. ఏరుకోవడం ఎక్కడ మొదలైందో నాకు ఆ తేదీ చూశాక అర్థమైంది. దేనికి సిద్ధపడ్డామో ముందే తెలిసిన మనిషికి కాగితంలో సందేహం కనిపించదు. చెట్టు దాటాక కాయ లేవాలని చెయ్యి ముందే అనుకుంటుంది.

చిల్‌కాట్ నివేదిక వచ్చిన సాయంత్రం బావా, నేనూ టీవీ ముందే ఉన్నాం. బ్లెయిర్ దాదాపు రెండు గంటలు విలేఖరుల ముందు నిలబడ్డాడు. గొంతు బొంగురుపోయింది. ఎవరూ ఊహించలేనంత దుఃఖం, పశ్చాత్తాపం ఉన్నాయన్నాడు, క్షమాపణ అన్నాడు. అబద్ధాలు మాత్రం లేవన్నాడు. మళ్లీ ఆ స్థానంలో ఉంటే అదే నిర్ణయం తీసుకుంటానన్నాడు. ఆయన ముఖంలో నాకు నటన కనిపించలేదు. ఎండిన బోరు దగ్గర నిలబడిన ఆ పెద్దాయన ముఖమే కనిపించింది. బావ లేచి పోయి బయట మంచం మీద కూర్చున్నాడు.

ఏడాది తర్వాత, ఆ విచారణ నడిపిన చిల్‌కాట్‌ను బీబీసీ అడిగింది, బ్లెయిర్ దేశంతో నిక్కచ్చిగా ఉన్నాడా అని. దేశాన్ని యుద్ధంలోకి తీసుకుపోయే ప్రధాని అలా ఉండాలి, ఇరాక్ విషయంలో అలా జరిగిందని నేననుకోను అన్నాడాయన. మనసులో నిజాయితీ ఉంది కానీ వాస్తవాల కంటే భావోద్వేగం మీద ఆధారపడ్డాడనే అర్థం వచ్చే మాటలూ చెప్పాడు. ఏళ్ల తరబడి ఆ కాగితాలు చదివిన మనిషి చివరికి మా నాయన మంచం దగ్గరికే వచ్చాడని నాకు అనిపించింది.

ఈ సన్నటి గీత గీయడంలో ఒక ప్రమాదం ఉందని నాకు తెలుసు. ఇరాక్‌లో 179 మంది బ్రిటన్ సైనికులు చనిపోయారు. 2009 నాటికి కనీసం లక్షా యాభై వేల మంది ఇరాకీలు పోయారని చిల్‌కాట్ చెప్పాడు. వాళ్లలో ఎక్కువమంది పౌరులు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి అబద్ధానికీ, మితిమీరిన ఖచ్చితత్వానికీ తేడా చెప్పబోతే ఆమె మన ముఖం మీద తలుపు వేస్తుంది, వేయాలి కూడా. బావ కోపం అదే. నా తీర్పు ఆయన కోపాన్ని చిన్నది చేయదు. నాకు తెలిసి మితిమీరిన ఖచ్చితత్వం అబద్ధం కంటే చిన్న తప్పు కూడా కాదు. అబద్ధాలకోరు ఎక్కడో ఒకచోట భయపడతాడు, దొరికిపోతానేమో అనుకుంటాడు. నమ్మినవాడికి ఆ భయం కూడా ఉండదు.

అమెరికా విదేశాంగ మంత్రిగా కోలిన్ పావెల్ 2003 ఫిబ్రవరి 5న భద్రతా మండలిలో చెప్పిన వాటిలో చాలా భాగం కూడా ఎండిన బోరే అయింది. అందులో ఒక ముఖ్యమైన కథ చెప్పిన మనిషి తాను అదంతా కల్పించానని 2011లో ఒప్పుకున్నాడు. ఆ ప్రసంగం తన జీవితంలో మచ్చ అని పావెల్ తానే చెప్పుకున్నాడు. అది మచ్చ అన్నమాటే కానీ, అదే పని మళ్లీ చేస్తాననే మాట కాదు. ఆయన మీద నాకు ఆ మేరకు గౌరవం మిగిలింది.

   

బావ కువైట్ నుంచి వచ్చేసి చాలా ఏళ్లయింది. రెండేళ్ల కింద చేన్లో మళ్లీ బోరు వేయించాలనుకున్నాడు. ఈసారి కొబ్బరికాయ వద్దని, యంత్రంతో భూమిలోపలి రాతిపొరలు చూసే ఒక అబ్బాయిని పిలిపించాడు. ఆ అబ్బాయి గెనం మీద కూర్చుని అంకెలన్నీ కాగితం మీద వేసుకుని చెప్పాడు. "చెప్పలేను పెద్దాయనా. నూటికి నలభై పాళ్లు పడొచ్చు. అరవై పాళ్లు పడకపోవచ్చు. 200 అడుగులు దాటితే ఆశ పెట్టుకోవద్దు." బావ ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే అప్పు చేయకుండా ఉన్న డబ్బు లెక్క వేసుకుని, 200 అడుగులకు ఆపేయాలని రిగ్గు వాళ్లతో ముందే మాట్లాడుకున్నాడు.

బోరు ఎండిపోయింది. మళ్లీ అదే తెల్లటి పిండి. సాయంత్రం ఆ అబ్బాయి వచ్చి మొహం చిన్నబుచ్చుకుని నిలబడితే, బావ చొక్కా దులుపుకుని, "నువ్వేం చేస్తావులే, ఉన్నది చెప్పినావు" అని అక్కను పిలిచి టీ పెట్టమన్నాడు. బ్లెయిర్ పేరు ఎత్తితే మాత్రం ఆయన నోట ఈ రోజుకీ ఒకటే మాట. అబద్ధాలకోరు.